గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాల ఎంపిక: ఆప్షన్లు పెట్టే ముందు మీ సలహా కావాలి

బ్రాడీపేట నాలుగో లైను | గుంటూరు | సోమవారం రాత్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఏపీ ఈఏపీసెట్‌లో 31 వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాస్తాను. మా కుటుంబంలో ఇంజనీరింగ్ గడప తొక్కబోయే మొదటి మనిషి ఈ పిల్లే కాబట్టి అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. అడగకుండానే చెప్పేవారు మాత్రం చాలామంది ఉన్నారు.

కళాశాల ఏదైనా ఫర్వాలేదు, సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప మరొకటి తీసుకోవద్దని మా బావమరిది అంటున్నాడు. కొత్త కళాశాలలో సీఎస్ఈ కంటే పాత కళాశాలలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మేలని అమ్మాయికి ఇంటర్లో భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు అన్నారు. మా ఆవిడకు ఈ రెండింటితోనూ పని లేదు. రెండేళ్లు హాస్టల్లో ఉండి సగమైన పిల్ల ఇకనైనా రోజూ ఇంటికి రావాలన్నదే ఆమె పట్టుదల. ఇవి చాలవన్నట్లు, యాజమాన్య కోటాలో సీటు ఇప్పిస్తామని, రెండు రోజుల్లో అడ్వాన్సు కట్టకపోతే చేజారిపోతుందని రోజుకు నాలుగైదు ఫోన్లు వస్తున్నాయి.

అమ్మాయిని అడిగితే "మీ ఇష్టం నాన్నా" అంటుంది. వీటన్నిటిలోనూ నాకు ఎక్కువ భయం కలిగించేది ఆ మాటే. కావలసిన కళాశాలలు, బ్రాంచీల జాబితా రాసి ఆప్షన్లు పెట్టడానికి వారం రోజుల గడువు ఉంది. కళాశాలను దేన్ని బట్టి తూచాలో తెలిసినవారు చెబితే రుణపడి ఉంటాను.


లెక్కల మాస్టారు | కృష్ణలంక | సోమవారం రాత్రి

నేను జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. ప్రతి ఏటా నా విద్యార్థుల ఆప్షన్ల జాబితాలు చూస్తూ ఉంటాను. ముందుగా ఆ జాబితా ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే చదువుకున్న తల్లిదండ్రులు కూడా దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నారు.

సీట్ల కేటాయింపు మొదటి ర్యాంకు నుంచి వరుసగా జరుగుతుంది. మీ అమ్మాయి వంతు వచ్చినప్పుడు ఆమె రాసిన మొదటి ఆప్షన్లో ఆమె వర్గానికి సీటు మిగిలి ఉందేమో చూస్తారు. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. కాబట్టి అందదనుకున్న కళాశాలను పైన రాస్తే కిందివి చేజారతాయనే భయం అర్థం లేనిది. పై ఆప్షన్ వల్ల కింది ఆప్షన్ అవకాశం పిసరంత కూడా తగ్గదు. "మనకు వచ్చేది ఇదే కదా" అనుకుని, వచ్చేదాన్ని మొదట రాసి, కావలసినదాన్ని నాలుగో స్థానంలో పెట్టి, మొదటిదే వచ్చాక లబోదిబోమన్న వారిని నేను చూశాను. కావలసిన క్రమంలో రాయండి. రాదేమోనన్న లెక్క అందులో కలపకండి. చేరడం ఇష్టం లేని కళాశాలను మాత్రం జాబితా నిండుగా కనిపించడం కోసం అడుగున కూడా పెట్టకండి. పెడితే వస్తుంది.

రెండో విడతలో మరో మెలిక ఉంది. మొదటి విడతలో సీటు వచ్చినవారు మళ్లీ ఆప్షన్లు పెట్టి, అందులో ఏదైనా వస్తే, చేతిలో ఉన్న సీటు దానంతట అదే రద్దవుతుంది. అందువల్ల రెండోసారి రాసే ప్రతి ఆప్షనూ చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనదై ఉండాలి.

గత ఏడాది ఏ కళాశాలలో ఏ బ్రాంచికి చివరి ర్యాంకు ఎంతో అధికారికంగా ప్రకటిస్తారు. ఆ పట్టికలో మీ వర్గం, ఆడపిల్లల గడి, మన ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాలు చేరే ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం, ఈ మూడూ సరిచూసుకుని చదవండి. చాలామంది ఓసీ అబ్బాయిల గడి చూసి బెంబేలెత్తిపోతారు. ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీ ర్యాంకులో ఇప్పటికే కలిసిపోయింది కాబట్టి దాని గురించి మళ్లీ ఆలోచించనవసరం లేదు.


పాత ల్యాబ్ ఇన్‌ఛార్జి | గుంటూరు | మంగళవారం ఉదయం

ఇంజనీరింగ్ కళాశాలల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషిని. ఆప్షన్ల సంగతి మాస్టారు చక్కగా చెప్పారు. నేను కళాశాల లోపలి సంగతి చెబుతాను.

కళాశాల పేరు చూసి అంతా ఒక్కటే అనుకోవద్దు. ఒకే ప్రహరీ లోపల ఆరేడు విభాగాలుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో సంసారం. ఎలక్ట్రానిక్స్ విభాగంలో పదిహేనేళ్లుగా ఉంటున్న అధ్యాపకులు ఉండవచ్చు. అదే ప్రాంగణంలో, మొన్ననే సీట్లు రెట్టింపు చేసుకున్న కంప్యూటర్ విభాగంలో సగం మంది నిరుడు చేరినవారై ఉండవచ్చు. ఎన్‌బీఏ అనే జాతీయ సంస్థ నాణ్యత గుర్తింపును కళాశాలకు కాక ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా ఇచ్చేది ఇందుకే. గేటు మీద "ఎన్‌బీఏ గుర్తింపు పొందినది" అని రాసి ఉంటే ఏ బ్రాంచికి, ఏ సంవత్సరం వరకు అని అడగండి; ఆ గుర్తింపు మూడేళ్లకో ఆరేళ్లకో ముగిసిపోతుంది. న్యాక్ అనే మరో జాతీయ మండలి గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. అది చూడాల్సిందే కానీ మీ అమ్మాయి కూర్చోబోయే తరగతి గది గురించి అది చెప్పేది తక్కువ.

ఒక చిన్న లెక్క చేయండి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. 60 సీట్ల సెక్షన్ ఒకటి ఉన్న బ్రాంచిలో నాలుగు సంవత్సరాలకు కలిపి 240 మంది, అంటే 12 మంది అధ్యాపకులు. ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా రెండో ఏట చేరే డిప్లొమా విద్యార్థులు దీనికి అదనం. ఏటా నాలుగు సెక్షన్లుంటే 48 మంది కావాలి. కళాశాల వెబ్‌సైటులో ఆ విభాగం అధ్యాపకుల జాబితా తెరిచి పేర్లు లెక్కపెట్టండి. చేరిన తేదీలు కూడా ఉంటే మూడేళ్లకు మించి ఉన్నవారు ఎందరో చూడండి. మీరు పద్దులు రాసే మనిషి కాబట్టి ఈ పని నాకంటే బాగా చేస్తారు.

తరువాత ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం వెళ్లవద్దు, ఆదివారం ఏసీ గదిలో అడ్మిషన్ల వారు తప్ప మరెవరూ ఉండరు. పనిదినాన, పదకొండు గంటల వేళకు, మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ప్రయోగశాల చూపించమని అడగండి. తాళం వేసి ఉంటే ఎందుకుందో అడగండి. విద్యుత్ సంకేతాలను తెర మీద చూపే ఆసిలోస్కోపుల మీద కప్పిన ప్లాస్టిక్ తొడుగు కొత్తగా మెరుస్తూ ఉంటే అనుమానించండి. వాడే పరికరానికి తొడుగు చిరిగి ఉంటుంది, నాబ్ మీద అంకెలు అరిగిపోయి ఉంటాయి. ఒక బల్ల దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో చూడండి. ఇద్దరు ముగ్గురైతే అందరి చేతులూ పనిచేస్తాయి, ఆరుగురైతే ఒకరు చేస్తారు, ఐదుగురు రికార్డులో రాసుకుంటారు.

అటానమస్ అన్న మాటకు కూడా అర్థం తెలుసుకోండి. మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో జేఎన్‌టీయూ కాకినాడకు అనుబంధంగా ఉన్న కళాశాల అటానమస్ అయితే సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాలే చూసుకుంటుంది. పట్టా మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది. మంచి చేతుల్లో ఇది వరం, కొత్త పాఠ్యాంశాలు త్వరగా వస్తాయి. అందరికీ మార్కులు పంచిపెట్టి ఉత్తీర్ణత శాతం చూపించుకునే చోట ఇదే శాపం. ఎవరైనా విద్యార్థిని ఒకే సబ్జెక్టుకు మూడేళ్ల ప్రశ్నపత్రాలు అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టండి. అవే ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తుంటే అక్కడ చదువు ఎలా సాగుతోందో ఇంకెవరూ చెప్పనక్కరలేదు.


షెడ్డు నంబరు లేదు | ఆటోనగర్, విజయవాడ | మంగళవారం మధ్యాహ్నం

అందరూ సీఎస్ఈ, ఈసీఈ అంటున్నారు. మా వర్క్‌షాపుకు పని అడుగుతూ వచ్చే మెకానికల్ పట్టభద్రులకు వెర్నియర్ కాలిపర్స్ ఇచ్చి రీడింగ్ చెప్పమంటాను. చెప్పినవాడిని తీసుకుంటాను. ఏ కళాశాల అని నేను ఇంతవరకు ఎవరినీ అడగలేదు. పై ఆచార్యులు చెప్పిన ఆరుగురి బల్ల సంగతి అక్షరాలా నిజం.


మూడో సంవత్సరం ఈసీఈ | తెనాలి | మంగళవారం రాత్రి

అంకుల్, నేను గుంటూరు వైపు ఒక కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మీ అమ్మాయి వయసుకు దగ్గరదాన్ని కాబట్టి పెద్దలు చెప్పనివి కొన్ని చెబుతాను.

మొదటి సంవత్సరమంతా తెనాలి నుంచి కళాశాల బస్సులో వెళ్లి వచ్చాను. ఉదయం ఏడింటికి ముందే బస్సు ఎక్కితే సాయంత్రం ఆరు దాటాక ఇంటికి చేరేదాన్ని. మా అమ్మకు సంతోషంగానే ఉండేది. కానీ కళాశాలలో పనికొచ్చేవన్నీ నాలుగు గంటల తరువాతే జరుగుతాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కోడింగ్ క్లబ్, రోబోటిక్స్ గది, సీనియర్లు చెప్పే అదనపు తరగతులు, ఒక మేడమ్ తీరికగా కూర్చుని సందేహాలు తీర్చే సమయం, అన్నీ బస్సు హారన్ కొట్టాకే మొదలయ్యేవి. రెండో సంవత్సరంలో హాస్టల్‌కు మారాను. ఇల్లు గుంటూరులోనే ఉండి, కళాశాల కూడా అరగంట దూరంలోనే ఉంటే ఈ బాధ ఉండదు. ఆర్టీసీ పాస్ తీసుకుని ఆగవలసిన రోజున ఆగి రావచ్చు. దూరాన్ని కిలోమీటర్లలో కాక, సాయంత్రం ఎన్నింటి వరకు ఆగగలదు అన్న లెక్కలో చూడండి.

హాస్టల్లో చేర్పిస్తే ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, గ్రంథాలయం ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది? నా స్నేహితురాలు చదివే చోట గ్రంథాలయం రాత్రి తొమ్మిది వరకు తెరిచే ఉంటుంది, ఆడపిల్లలు మాత్రం ఆరున్నరకల్లా గదుల్లో ఉండాలి. కరపత్రంలో మొదటి సంగతే అచ్చు వేస్తారు.

మా సీనియర్లలో ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లినవారు చాలామంది ఉన్నారు. పెద్ద సర్వీసు కంపెనీలు వచ్చినప్పుడు రెండు బ్రాంచీల వారినీ ఒకే పరీక్షకు కూర్చోబెడతాయి. అయితే ఈసీఈ వారు ఆ కోడింగ్ అంతా సొంత సమయంలో నేర్చుకోవాలి, మధ్యలో సిగ్నల్స్, విద్యుదయస్కాంత తరంగాలు, కంట్రోల్ సిస్టమ్స్ అనే మూడు కొండలు ఎక్కాలి. లెక్కలు ఇష్టమైతే ఎక్కవచ్చు. ఇష్టం లేకుండా, పాత కళాశాల అనే ఒక్క కారణంతో ఈసీఈలో చేరితే రెండో సంవత్సరంలోనే సప్లీలు (తప్పిన సబ్జెక్టులకు మళ్లీ రాసే పరీక్షలు) మొదలవుతాయి. మీ అమ్మాయికి ఇంటర్లో ఏది చదువుతుంటే టైము తెలిసేది కాదో ఒకసారి అడిగి చూడండి.


నిర్వాహకులు | మంగళవారం రాత్రి

ఈ చర్చలో సీట్లు ఇప్పిస్తామంటూ ఫోను నంబరుతో పెట్టిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. మళ్లీ పెడితే ఖాతా కూడా తొలగిస్తాము.


బ్రాడీపేట నాలుగో లైను | గుంటూరు | బుధవారం ఉదయం

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. సిగ్నల్స్ అంటే ఏమిటని తనే వెతుక్కుని చూసింది. అది మంచి సూచనో కాదో నాకు తెలియదు.

మరో సందేహం. ప్రతి కళాశాల ఫ్లెక్సీ మీదా ఎవరో ఒక విద్యార్థి ఫొటో, పక్కన లక్షల్లో జీతం ఉంటాయి. బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి దాటేవరకు చూస్తూ వెళితే ఈ జిల్లాల్లో నిరుద్యోగం అనేదే లేదనిపిస్తుంది. ఇందులో ఎంత నమ్మాలి? యాజమాన్య కోటా కోసం అప్పు చేయడం సబబేనా?


తెనాలి నుంచి గచ్చిబౌలి | హైదరాబాదు | బుధవారం మధ్యాహ్నం

నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ప్రాంగణ నియామకాల కోసం కళాశాలలకు వెళ్లే బృందంలో మూడు నాలుగుసార్లు ఉన్నాను. ఫ్లెక్సీ మీది అంకె అబద్ధం కాకపోవచ్చు, కానీ అది ఒక్క విద్యార్థి జీతం. మీకు కావలసింది వరుసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ విద్యార్థి జీతం. అది తెలుసుకోవడానికి దారి ఉంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ ర్యాంకులకు దరఖాస్తు చేసే కళాశాలలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైటులోనే ఉంచాలి. ఆ పత్రంలో ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకు ఎందరు వెళ్లారు అన్నవి ఏడాది వారీగా ఉంటాయి. ర్యాంకు రాని కళాశాలది కూడా ఉంటుంది. ఫ్లెక్సీలు పక్కన పెట్టి ఆ పత్రం చదవండి. చేరినవారికీ నిర్ణీత కాలంలో పూర్తి చేసినవారికీ మధ్య తేడా పెద్దదైతే జీతాల గడి దాకా వెళ్లనక్కరలేదు.

ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు ఉద్యోగమిస్తే మూడుగా లెక్కగట్టే చోట్లు ఉన్నాయి. "ఎన్ని ఆఫర్లు" అని అడగకుండా "ఎంతమంది విద్యార్థులకు" అని అడగండి, అదీ మీరు చూస్తున్న బ్రాంచిలో.

సీఎస్ఈ విషయంలో మీ బావమరిది గారిని పూర్తిగా తోసిపుచ్చలేను. కొన్ని కంపెనీలు ఇప్పటికీ కంప్యూటర్ బ్రాంచీల వారినే పిలుస్తాయి. అయితే ఏఐసీటీఈ 2024–25 నుంచి ఒక్కో బ్రాంచిలో సీట్లకు ఉన్న గరిష్ఠ పరిమితిని తొలగించడంతో, బాగా నడిచే కళాశాలల్లోనే సెక్షన్లు ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ భద్రత అంటూ సీఎస్ఈకి తోకలుగా పేర్లు చాలా కనిపిస్తాయి. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు చాలావరకు ఒకటే. ఆ తోకలను చూసి సీఎస్ఈ కంటే ఎక్కువ అనో తక్కువ అనో అనుకోవద్దు. మా వైపు నుంచి చూసినప్పుడు వడపోత ఇలా ఉంటుంది: పదో తరగతి నుంచి 60 శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) ఉండకూడదు, ఆపైన కోడింగ్ పరీక్ష. అది దాటాక ఇంటర్వ్యూలో నేను అడిగేది ప్రాజెక్టు గురించి. హైదరాబాదు అమీర్‌పేటలో కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రెండో ప్రశ్నకే బయటపడిపోతుంది. సొంతంగా చేసినది చిన్నదైనా, ఎక్కడ ఆగిపోయారో, ఎలా బయటపడ్డారో చెప్పగలుగుతారు.


ఉయ్యూరు అమ్మ | బుధవారం సాయంత్రం

డబ్బు సంగతి నేను చెబుతాను, ఆ దెబ్బ నేను తిన్నాను కాబట్టి. మా అబ్బాయిని రెండేళ్ల క్రితం ఒక కళాశాలలో యాజమాన్య కోటాలో చేర్చాము. మొదటి ఏడాది మధ్యలో ఇంకో చోట మంచి సీటు దొరికి వెళ్లిపోతామంటే, నాలుగేళ్ల ఫీజూ కడితే తప్ప ఇంటర్ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాల తన దగ్గర ఉంచుకోకూడదని, పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లోనే ఉత్తర్వు ఇచ్చిందని అప్పటికి మాకు తెలియదు. తెలిశాక, రాతపూర్వకంగా అడిగితే, మూడు వారాలకు ఇచ్చారు. నోటితో అడిగినంతకాలం ఇవ్వలేదు.

ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే కన్వీనర్ కోటా 70 శాతం సీట్లకు ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసుల మీద నిర్ణయిస్తారు. అర్హులకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించేది అక్కడే. యాజమాన్య కోటాకు, చివరలో జరిగే స్పాట్ అడ్మిషన్లకు అది వర్తించదు. ఈ ఒక్క సంగతి చెప్పకుండా దాచి సీట్లు అంటగట్టేవారు ఉన్నారు, జాగ్రత్త. వడ్డేశ్వరం, వడ్లమూడిలలోని డీమ్డ్ (విశ్వవిద్యాలయ హోదా పొందిన) సంస్థల దారి వేరు, అవి సొంత ప్రవేశ పరీక్షలు పెట్టుకుంటాయి. ఇనవోలు, నీరుకొండలలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు మాత్రం 35 శాతం సీట్లను కన్వీనర్ కోటా కింద ఇవ్వాలి కాబట్టి ఆప్షన్లలో కనిపిస్తాయి. కన్వీనర్ ఫీజు కాక బస్సు, హాస్టల్, "శిక్షణ ఫీజు", భవన నిధి అంటూ ఏమేమి ఉన్నాయో నాలుగేళ్లకూ కాగితం మీద రాయించుకోండి. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

అప్పు చేయక తప్పకపోతే బ్యాంకు విద్యారుణం తీసుకోండి, 7.5 లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉంది. యార్డులో వడ్డీకి తెచ్చి మాత్రం కట్టవద్దు, అన్నయ్యా. ఆ వడ్డీ సంగతి మీకు నేను చెప్పాలా.


ఏలూరు రోడ్డు పాఠకుడు | విజయవాడ | గురువారం ఉదయం

ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదని ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మన ఊళ్లలో 1885 నాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఉంది, 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాల ఉంది, 1953 నాటి లయోలా ఉంది, ఆడపిల్లల కోసం 1962లో వచ్చిన మేరిస్ స్టెల్లా ఉంది. ఇప్పుడు డిగ్రీలో కూడా ఒక ప్రధాన సబ్జెక్టు పట్టుకుని నాలుగేళ్ల ఆనర్స్ చేయవచ్చు. లెక్కలంటే ప్రాణమైన పిల్లను, లెక్కలు తెలియకపోయినా గడిచిపోయే బ్రాంచిలో వేయడం కంటే ఇది మంచిది కాదా? ఖర్చు కూడా చాలా తక్కువ.


లెక్కల మాస్టారు | కృష్ణలంక | గురువారం ఉదయం

పై సభ్యుల మాటను కాదనలేను, నేనూ ఆ దారిలో వచ్చినవాడినే. ఆ దారిలో ఎమ్మెస్సీ వరకు వెళ్లే ఓపిక ఉండాలి, ఇంట్లో ఐదేళ్లు ఆగగలిగే వీలు ఉండాలి. ఆ రెండూ ఉన్నాయో లేవో తండ్రికే తెలుసు.

నాకు అసలు ఆందోళన వేరే ఉంది. ఆ పిల్ల రెసిడెన్షియల్ నుంచి వస్తోంది. తెల్లవారుజామున లేపడానికి ఒకరు, స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడానికి ఒకరు, వారానికో పరీక్ష, ఏ పేజీ చదవాలో కూడా వేరేవారు చెప్పే పద్ధతి. రెండేళ్లలో ఒక్క నిర్ణయం కూడా తను తీసుకోలేదు. "మీ ఇష్టం నాన్నా" అన్న మాట అక్కడి నుంచి వచ్చింది, నిర్లక్ష్యం నుంచి వచ్చింది కాదు, ఆమెను తప్పుపట్టవద్దు. తప్పు మా లెక్చరర్లదీ, మా గంటలదీ. ఇంజనీరింగ్‌లో ఆ గంట మోగదు. మొదటి సెమిస్టర్లో చాలామంది బాగా చదివే పిల్లలు తడబడేది సబ్జెక్టు కష్టమై కాదు, ఎవరూ అడగకపోవడం వల్ల. అందుకని ఆప్షన్ల జాబితా ఆమె చేతే రాయించండి. తప్పులుంటే మీరు దిద్దండి కానీ, కలం మాత్రం ఆమె చేతిలో ఉండాలి.


పాత ల్యాబ్ ఇన్‌ఛార్జి | గుంటూరు | గురువారం రాత్రి

మాస్టారి మాట చదివాక, చేరిన తరువాతి సంగతి కొంత రాయాలనిపించింది. నా దగ్గర చదివినవారిలో ఎదిగినవారందరూ మంచి ర్యాంకుతో వచ్చినవారు కారు. వారిలో నేను గమనించినదే చెబుతాను.

హాజరు 75 శాతం ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు, 65 దాకా పడిపోతే కారణం చూపి అపరాధ రుసుము కట్టి గట్టెక్కవచ్చు. ఆ లోపు పడితే సెమిస్టరే పోతుంది. ఇది అందరికీ తెలిసినదే. తెలియనిది ఏమిటంటే, తరగతిలో ఉన్న 60 మందిలో అధ్యాపకుడి గదికి వచ్చి సందేహం అడిగేవారు ముగ్గురో నలుగురో ఉంటారు. ఆ నలుగురి పేర్లే మాకు గుర్తుంటాయి. రేపు ఇంటర్న్‌షిప్‌కు సిఫారసు ఉత్తరం కావాలన్నా, ఎక్కడో పరిశోధన సంస్థలో వేసవి అవకాశం ఉందని తెలిసినా మేము కబురు పెట్టేది వారికే. ఇందులో పక్షపాతం ఉందంటే ఉంది. మిగిలిన 56 మంది ముఖాలు మాకు తెలిస్తే కదా.

మొదటి సంవత్సరంలో సి భాషనూ, లీనియర్ ఆల్జీబ్రానూ వదలకుండా పట్టుకుంటే ఏ బ్రాంచివారికైనా తరువాతి మూడేళ్లు తేలికవుతాయి. పాఠం సరిగా చెప్పని చోట చిక్కుకుంటే ఏడుస్తూ కూర్చోనక్కరలేదు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలనుకుంటేనే రుసుము. పెద్ద పేరున్న ఆచార్యుడి పాఠాన్ని మంగళగిరిలో కూర్చుని వినే వీలు మా తరానికి లేదు. సెమిస్టరుకు ఒకటి చాలు. పది కోర్సుల్లో పేరు నమోదు చేసుకుని పదింటినీ రెండో వారంలో వదిలేసే అలవాటు ఈ మధ్య అంటువ్యాధిలా ఉంది. పై చదువుల ఆలోచన ఉంటే గేట్ పరీక్ష మూడో సంవత్సరంలోనే రాయనిస్తారు, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

ఇంగ్లిషు విషయంలో ఒక్క మాట. గుంటూరు, తెనాలి పిల్లలు లెక్కల్లో ఎవరికీ తీసిపోరు, లేచి నిలబడి చెప్పమంటే మాత్రం నేల చూస్తారు. దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకు డబ్బు కట్టడం కంటే, వారానికి ఒకసారి నలుగురు స్నేహితులకు ఏదో ఒక పాఠాన్ని బోర్డు మీద చెప్పడం మేలు. మొదట తెలుగులోనే చెప్పనివ్వండి. విషయం నోటికి అలవాటైతే భాష దాని వెనకే నడిచి వస్తుంది.


తెనాలి నుంచి గచ్చిబౌలి | హైదరాబాదు | గురువారం రాత్రి

ఆచార్యులవారితో ఒక్కచోట విభేదిస్తాను. తెలుగులో చెప్పడం మొదటి ఏడాది వరకు సరే. రెండో ఏటి నుంచి కష్టమైనా ఇంగ్లిషులోనే చెప్పాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో భాష వెనక నడిచి వచ్చేదాకా ఎవరూ ఆగరు. అలా ఎవరూ ఆగని ఇంటర్వ్యూలో నేను ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాను.


బ్రాడీపేట నాలుగో లైను | గుంటూరు | శనివారం రాత్రి

ఈ రోజు సెలవు పెట్టి అమ్మాయితో కలిసి రెండు కళాశాలలు చూసి వచ్చాను.

మా బావమరిది చెప్పిన కొత్త కళాశాలలో మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి, పావుగంట వీడియో చూపించారు. ల్యాబు చూపించమంటే ఇన్‌ఛార్జి రాలేదన్నారు. సీఎస్ఈ నాలుగు సెక్షన్లు. వెబ్‌సైటులో అధ్యాపకుల పేర్లు లెక్కపెడితే 29, అందులో రెండు పేర్లు రెండేసి సార్లు ఉన్నాయి. 48 కావాలి కదా అని అడిగితే, మిగతావారిని నియమిస్తున్నామన్నారు. పద్దుల్లో ఇలాంటి మాటకు మేము వేరే పేరు పెడతాము.

రెండో కళాశాల పాతది, గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. ఈసీఈ ప్రయోగశాల తెరిచే ఉంది, పిల్లలు ముగ్గురేసి పనిచేస్తున్నారు, ఆసిలోస్కోపు నాబ్‌ల మీద నిజంగానే అంకెలు లేవు. అక్కడున్న రెండో సంవత్సరం అమ్మాయి దగ్గరకు మా పిల్ల తనంతట తనే వెళ్లి ఏదో అడిగింది. నేను వరండాలో నిలబడ్డాను. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆడపిల్లలకు గ్రంథాలయం ఎనిమిది వరకు ఉందని, గేటు ఎనిమిదిన్నరకని తెలుసుకుని వచ్చి నాకు చెప్పింది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రం రాత్రి ఇద్దరం కలిసి చదివాము; ఫ్లెక్సీ మీది జీతానికీ మధ్యస్థ జీతానికీ ఉన్న తేడా చూసి మా ఆవిడ కూడా కాసేపు మాట్లాడలేదు.

జాబితా తనే రాసింది. పైన నాలుగు అందనివి, ఐదో స్థానంలో ఈ పాత కళాశాల ఈసీఈ, ఆరులో అక్కడిదే సీఎస్ఈ. ఆ రెండూ తారుమారు చేస్తే బాగుంటుందేమో అన్నాను. "సిగ్నల్స్ చదవాలని ఉంది నాన్నా" అంది. దిద్దలేదు. కొత్త కళాశాల పేరు జాబితాలో లేదు కాబట్టి బావమరిది ఈ వారం మా ఇంటికి రాడు. ఇంటి నుంచి ఆర్టీసీ బస్సులో నలభై నిమిషాల దారి. ఒక ఏడాది చూసి హాస్టల్ సంగతి ఆలోచిద్దామని మా ఆవిడ ఒప్పుకుంది. రేపు ఉదయం లాక్ చేస్తాము. మొదటి సంవత్సరానికి ఏమేమి కొనాలో ఎవరైనా చెబుతారా?


మూడో సంవత్సరం ఈసీఈ | తెనాలి | శనివారం రాత్రి

ఇప్పుడే ఏమీ కొనకండి అంకుల్. గ్రాఫిక్స్‌కు డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) కావాలి, అది ఒక్క ఏడాదే వాడతారు కాబట్టి సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతుంది. పుస్తకాలు కావలసివస్తే విజయవాడ లెనిన్ సెంటర్లో పాతవి వెతకవచ్చు. నావి మొదటి సంవత్సరంవన్నీ ఇంట్లో అటక మీద ఉన్నాయి. సీటు వచ్చాక ఇక్కడే ఒక ముక్క రాయండి, తెనాలి స్టేషన్ దగ్గర ఇస్తాను. లెక్కల పుస్తకంలో మూడో అధ్యాయం పేజీలు చిరిగి ఉంటాయి, ఏమీ అనుకోవద్దని చెల్లికి చెప్పండి.